తుపాకిమందులోకి విద్యుత్తు వచ్చిన దారి: బ్రెషా పిడుగు నుంచి ఫారెస్టల్ నౌక దాకా

వ్యాససంగ్రహం:
విద్యుత్తుకూ తుపాకిమందుకూ నడుమ ఉన్న సంబంధాన్ని సాధారణంగా ప్రమాదాల వరుసగానే చెబుతుంటారు. ఈ వ్యాసం దాన్ని మరొక కోణంలో పరిశీలిస్తుంది. 18వ శతాబ్దిలో విద్యుత్తు పిడుగు రూపంలో బయటినుంచి వచ్చి మందుకొట్లను పేల్చింది. 19వ శతాబ్ది నుంచి మనిషే దాన్ని మందుగుండు లోపలికి తీగ వేసి తెచ్చుకున్నాడు. ఆజ్ఞ కోసం తెరిచిన ఆ దారిలోనే ఆజ్ఞ లేని ప్రవాహం కూడా నడిచింది. పర్‌ఫ్లీట్ మందుకొట్టు వివాదాన్ని (1772-1777), ఫారెస్టల్ నౌక అగ్నిప్రమాదాన్ని (1967) ప్రధాన ఉదాహరణలుగా తీసుకుని, చారిత్రక వివరణాత్మక పద్ధతిలో ఈ మార్పును చర్చించడం వ్యాసోద్దేశం.

కీలక పదాలు: తుపాకిమందు, రంజకం, తటిద్వాహకం, విద్యుత్ ప్రైమర్, పర్‌ఫ్లీట్, ఫారెస్టల్.

1. ఉపోద్ఘాతం

తుపాకి మీదుగా విద్యుత్తు ప్రవహిస్తే అందులోని తూటా పేలుతుందా? వానాకాలంలో ఆరుబయట పహరా కాసే సిపాయికి ఎప్పుడో ఒకప్పుడు కలిగే సందేహమిది. సాధారణమైన తూటా విషయంలో దీనికి సమాధానం, చాలావరకు పేలదనే. తూటా తొడుగు ఇత్తడిది. తుపాకి గొట్టం ఉక్కుది. రెండూ విద్యుత్తుకు మంచి వాహకాలు. ప్రవాహం ఆ లోహం వెంటనే పోతుంది కాని, దాని కడుపులో ఉన్న మందును వెతుక్కుంటూ వెళ్లదు. లోహపు పెట్టెలో కూర్చున్నవాడికి బయటి మెరుపు తగలనట్టే, లోపలి మందుకు ఆ తొడుగే కవచమవుతుంది. ప్రవాహం మరీ బలమైనదై, తొడుగును మందు అంటుకునేంతగా వేడెక్కిస్తేనో, లోహానికీ లోహానికీ నడుమ మెరుపుచాప లేచి తొడుగును కరిగిస్తేనో అది వేరే సంగతి. అప్పుడు తూటాను పేల్చేది విద్యుత్తు పుట్టించిన వేడి. పొయ్యిలో పడినా అది అలాగే పేలుతుంది.

ఇంత సులువైన సమాధానం ఉన్నప్పుడు, అమెరికా నౌకాదళపు నౌక ఒకదానిపై 1967లో ఒక్క విద్యుత్ తరంగం 134 మందిని ఎలా బలిగొన్నది? మందు స్వభావంలో మార్పేమీ లేదు. మారింది మందును అంటించే పద్ధతి. ఆ మార్పు ఎప్పుడు మొదలైందో, ఎవరి చేతుల్లో మొదలైందో తెలుసుకోవాలంటే రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లక తప్పదు.

2. మందు, రంజకం, నిప్పురవ్వ

తెలుగులో రోగికి ఇచ్చేదీ మందే, తుపాకిలో దట్టించేదీ మందే. ఈ వ్యాసంలో మందు అంటే సూరేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరిన పాత తుపాకిమందు. పాత తుపాకుల్లో గొట్టంలో దట్టించిన ఈ మందును నేరుగా అంటించేవారు కాదు. గొట్టం పక్కనున్న చిన్న గిన్నెలో చిటికెడు సన్నని మందు పోసేవారు. దానికే రంజకమని పేరు. చెకుముకి రవ్వ ముందు రంజకాన్ని అంటిస్తుంది, రంజకం రంధ్రం గుండా అసలు మందును అంటిస్తుంది. నేటి తూటా అడుగున ఉండే ప్రైమర్ చేసే పనీ ఇదే. కనుక తుపాకి చరిత్రలో అసలు ప్రశ్న ఎప్పుడూ రంజకానిదే. దాన్ని అంటించేది ఏది, ఎవరి మాట మీద అంటిస్తుంది?

తుపాకిమందు విద్యుత్ రవ్వకు లొంగడంలో మనం అనుకునేంత తేలికైనది కాదు. లైడెన్ జాడీలో కూడబెట్టిన విద్యుత్తును ఒక్కసారిగా మందు గుట్టలోకి వదిలితే, చాలాసార్లు ఆ రవ్వ మందును అంటించదు, చెల్లాచెదరు చేస్తుంది. అది ఉండేది క్షణంలో అత్యల్పాంశం. గింజను రాజుకునే స్థితికి తెచ్చేంత వ్యవధి దానికి దొరకదు. అదే జాడీ విద్యుత్తును తడిపిన దారం గుండా నెమ్మదిగా వదిలితే మందు భగ్గుమంటుంది. బలం తగ్గి వ్యవధి పెరిగినందువల్లనే అది అంటుకున్నది. 19వ శతాబ్దిలో ప్రయోగశాలల్లో ఇది విద్యార్థులను అబ్బురపరచే ప్రదర్శనగా ఉండేది. గింజలకు గ్రాఫైటు పూత పూసే అలవాటు వచ్చాక, విద్యుత్తు గింజ మీదుగానే జారిపోవడానికి అది మరికొంత తోడ్పడింది.

ఈ మొండితనాన్ని తొలితరం పరిశోధకులు యుక్తితో దాటారు. లండన్ వైద్యుడు విలియం వాట్సన్ 1740లలో మందులో కొంచెం కర్పూరం కలిపి నూరి, విద్యుత్తుతో మస్కెట్ తుపాకిని పేల్చి చూపాడు. ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1751లో మరొక దారి చెప్పాడు. పొడి మందును చిన్న గొట్టంలో గట్టిగా దట్టించి, రెండు కొసల నుంచీ మొనదేలిన తీగలను లోపలికి గుచ్చి, వాటి మొనలను అర అంగుళం ఎడంలో నిలిపాడు. నాలుగు జాడీల విద్యుత్తు ఆ ఎడాన్ని దూకినప్పుడు మందు పేలింది. మందు కదలకుండా బిగించడమే అక్కడి కిటుకు. చెదిరిపోయే వీలు లేని గింజ అంటుకోక తప్పలేదు.

ఆ గొట్టంలో గుచ్చిన రెండు తీగలను పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. అవి అప్పటికి ఒక వినోదం మాత్రమే. మందుగుండు కడుపులోకి విద్యుత్తు కోసం మనిషి వేసిన తొలి దారులలో అవి ఉన్నాయి.

3. పిడుగు, మందుకొట్టు, పండిత సంఘం

1769 ఆగస్టు 18న ఉత్తర ఇటలీలోని బ్రెషా నగరంలో, నగర ద్వారం దగ్గర మందు నిల్వ చేసిన బురుజుపై పిడుగు పడింది. ఆ నగరం అప్పుడు వెనిస్ రిపబ్లిక్ ఏలుబడిలో ఉండేది. అక్కడ దాచిన మందు దాదాపు 90 టన్నులు. పేలుడుకు నగరంలో సుమారు ఆరో వంతు నేలమట్టమైంది. మూడు వేలమంది చనిపోయారని తరువాతి గ్రంథాలు ఒకదాని నుంచి మరొకటి ఎత్తిరాసుకుంటూ వచ్చాయి. స్థానిక ఆధారాలపై నిలిచిన లెక్కలు మృతులను కొన్ని వందలుగానే చెబుతున్నాయి. విపత్తుల చరిత్రలో అంకెలు పెరగడమే కాని తరగడం అరుదు. వందలన్నా, వేలన్నా, ఒక్క పిడుగుకు ఒక నగరం కూలిందన్న వార్త ఐరోపా ప్రభుత్వాలను నిద్రపోనివ్వలేదు. ప్రతి రాజ్యానికీ జనావాసాల నడుమ ఇలాంటి బురుజులున్నాయి.

ఇంగ్లండులో ఆ బెడద పర్‌ఫ్లీట్ రూపంలో ఉన్నది. గ్రీనిచ్‌లో ఉన్న మందుకొట్టుకు లండన్ జనం భయపడడంతో, 1760లలో దాన్ని థేమ్స్ నది ఒడ్డున మరింత దిగువనున్న పర్‌ఫ్లీట్‌కు తరలించారు. దాన్ని పిడుగు నుంచి కాపాడే ఉపాయం చెప్పమని ఆయుధశాఖ బోర్డు 1772లో రాయల్ సొసైటీని కోరింది. సొసైటీ ఒక సంఘాన్ని నియమించింది. అందులో హెన్రీ కావెండిష్, విలియం వాట్సన్, బెంజమిన్ ఫ్రాంక్లిన్, జాన్ రాబర్ట్‌సన్, బెంజమిన్ విల్సన్ సభ్యులు. విద్యుత్తుతో మస్కెట్‌ను పేల్చిన వాట్సన్, తీగలు గుచ్చిన గొట్టాన్ని పేల్చిన ఫ్రాంక్లిన్, ఇద్దరూ ఇప్పుడు మందు దగ్గరికి విద్యుత్తు రాకుండా చూసే బాధ్యత తలకెత్తుకున్నారు. వారి ఎంపిక సరైనదే. ఆ దారిని వేసి చూసినవారికంటే దాన్ని మూయడం ఎవరికి బాగా తెలుస్తుంది?

భవనాల కొసల్లో ఎత్తయిన, మొనదేలిన ఇనుపకడ్డీలను నిలిపి, వాటిని తెగని లోహమార్గంతో తడినేల దాకా దించాలని సంఘం సిఫార్సు చేసింది. విల్సన్ ఒప్పుకోలేదు. ఆయన వృత్తిరీత్యా చిత్రకారుడు, విద్యుత్ పరిశోధనలోనూ పేరున్నవాడు. మొనదేలిన కడ్డీ మేఘంలోని విద్యుత్తును ఆహ్వానిస్తుంది, లేని ముప్పును కొనితెస్తుంది, మొండిగా ఉన్న గుండ్రని కొస అయితే అలా పిలవదు అని ఆయన వాదం. సంఘం ఆ వాదాన్ని తోసిపుచ్చి మొనలనే నిలబెట్టించింది.

1777 మే 15న పర్‌ఫ్లీట్‌లో కడ్డీ ఉన్న భవనంపైనే పిడుగు పడింది. కడ్డీ మొన మీద కాదు. దానికి దూరంగా, పైకప్పు అంచున రాళ్లను బిగించిన ఒక ఇనుప పట్టీ మీద. మందు అంటుకోలేదు, కొద్దిగా ఇటుకలూ రాయీ ఊడాయి. నష్టం లెక్కలోకి రానిది, వివాదం మాత్రం రాజుగారి దాకా వెళ్లింది. విల్సన్ లండన్ ఆక్స్‌ఫర్డ్ వీధిలోని పాంథియన్ భవనంలో తగరపు రేకు చుట్టిన భారీ గొట్టాన్ని పట్టుతాళ్లతో వేలాడదీసి దాన్ని మేఘమన్నాడు. కింద పట్టాలపై పర్‌ఫ్లీట్ భవనపు నమూనాను నడిపించాడు. మూడవ జార్జి స్వయంగా వచ్చి చూశాడు. అప్పటికి ఫ్రాంక్లిన్ తిరుగుబాటు చేసిన అమెరికా తరఫున పారిస్‌లో ఉన్నాడు. దాంతో మొనదేలిన కడ్డీకి తిరుగుబాటు రంగు అంటింది, రాజభవనాలపై మొండి కొసలు వెలిశాయి. రాయల్ సొసైటీ అధ్యక్షుడు సర్ జాన్ ప్రింగిల్ 1778లో పదవి విడిచాడు. రాజాజ్ఞతో ప్రకృతి నియమాలు మారవని ఆయన అన్నట్టు ప్రచారంలో ఉన్న మాటకు గట్టి ఆధారం లేదు. ఆయన ఆరోగ్యం కూడా అప్పటికి బాగాలేదు. అయినా ఈ కథ చెప్పేవాళ్లెవరూ ఆ మాటను వదులుకోలేదు.

మొన గొప్పదా, మొండి గొప్పదా అన్న తగవులో పర్‌ఫ్లీట్ నేర్పిన అసలు సంగతి మరుగున పడిందని నా అభిప్రాయం. పిడుగు పడిన ఇనుప పట్టీ కడ్డీతో కలపని లోహం. భవనం పైన అలాంటి ఒంటరి లోహపు ముక్క ఒక్కటి మిగిలినా, ప్రవాహం ముందు దానిలోకి దూకి, అక్కడి నుంచి కనబడిన దారిన పోతుంది. కడ్డీ కొస ఆకారానికి ఇందులో పాత్ర స్వల్పం. (1990లలో చార్లెస్ మూర్ బృందం న్యూ మెక్సికో కొండలపై ఏడేళ్లపాటు రెండు రకాల కడ్డీలనూ పక్కపక్కన నిలిపి చూసింది. పిడుగులు ఒక మోస్తరు మొండి కడ్డీలపై పడ్డాయి, మొనదేలినవాటిపై పడలేదు. విల్సన్ అనుకున్నదానికి ఇది వ్యతిరేకం. ఫ్రాంక్లిన్‌కు పూర్తి సమర్థనా కాదు.) మందుకొట్టులోని ప్రతి లోహభాగాన్నీ ఒకదానితో ఒకటి కలిపి, అన్నింటినీ కలిపి నేలకు దించడమన్నది ఇప్పుడు ప్రతి ఆయుధ నిల్వ కేంద్రంలోనూ పాటించే సూత్రం. దాని విలువ 1777లో ఆ ఊడిన ఇటుకల దగ్గరే కనబడింది.

తెలిసిన సూత్రమే అయినా ప్రమాదాలు ఆగలేదు. 1926 జూలై 10న అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని లేక్ డెన్మార్క్ నౌకాదళ ఆయుధ నిల్వ కేంద్రంపై పిడుగు పడి నిప్పంటుకుంది. పేలుళ్లు కొన్ని రోజులు సాగాయి. ఇరవైమంది దాకా చనిపోయారు. కొట్లు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉండడం వల్ల ఒకచోటి మంట మరొకచోటికి పాకింది. రెండేళ్లకు అమెరికా ప్రభుత్వం పేలుడు పదార్థాల భద్రతకు శాశ్వతమైన బోర్డును ఏర్పరచడానికి ఈ ఘటనే కారణం. 

4. పిలిచి తెచ్చుకున్న నిప్పు

పిడుగు పిలవని అతిథి. దాన్ని గుమ్మం దగ్గరే ఆపవచ్చు. విద్యుత్తును పేరు పెట్టి లోపలికి పిలిచిన చరిత్ర దానికి సమాంతరంగా నడిచింది.

1776లో అలెస్సాండ్రో వోల్టా మజ్జోరే సరస్సు బురదలోంచి బుడగలుగా వచ్చే వాయువును పట్టాడు. దాన్ని గాలితో కలిపి, బిరడా బిగించిన చిన్న పాత్రలో నింపి, విద్యుత్ రవ్వతో పేల్చాడు. వోల్టా పిస్తోలుగా పేరుపొందిన ఈ బొమ్మ ఆ తరువాతి తరంలో ధనికుల విందుల్లో వినోదమైంది. మరుసటి ఏడు వోల్టా ఒక వింత ఆలోచన చేశాడు. కోమో నుంచి మిలాన్ దాకా కర్రస్తంభాలపై తీగ వేస్తే, కోమోలో వదిలిన విద్యుత్తుతో మిలాన్‌లో పిస్తోలు పేల్చవచ్చునని రాశాడు. చాలామంది దీన్ని టెలిగ్రాఫుకు పూర్వరూపంగా చెబుతారు. ఆయుధ చరిత్రలో మాత్రం దీని అర్థం వేరు. తుపాకికీ దాన్ని పేల్చే చేతికీ మధ్య మైళ్ల దూరం ఉండవచ్చునన్న ఊహ అది.

ఆ ఊహ ఒక తరం లోపలే నిజమైంది. 1812లో పావెల్ షిల్లింగ్ సెయింట్ పీటర్స్‌బర్గులో నెవా నది మీదుగా తొడుగు వేసిన తీగ పరచి ఆవలి ఒడ్డున మందుపాతర్లు పేల్చాడు. 1830ల ఆరంభంలో ఫిలడెల్ఫియా రసాయనాచార్యుడు రాబర్ట్ హేర్ రవ్వను పక్కకు పెట్టి, అంతకంటే నమ్మకమైన మార్గం కనిపెట్టాడు. మందులో రెండు తీగల కొసలను అతి సన్నని తీగతో కలిపి, బ్యాటరీ ప్రవాహాన్ని పంపితే ఆ సన్నతీగ ఎర్రగా కాలి మందును అంటిస్తుంది. తడిదారం ప్రయోగం ఇచ్చిన పాఠమే ఇక్కడా కనబడుతుంది. మందుకు కావలసింది ఉరుము లాంటి బలం కాదు, నిలకడైన వేడి. 1839 నుంచి కల్నల్ చార్లెస్ పేస్లీ ఇంగ్లండు తీరంలో మునిగివున్న రాయల్ జార్జి నౌక శకలాలను నీటి అడుగున విద్యుత్తుతో పేల్చి తొలగించాడు. 1844 ఏప్రిల్ 13న శామ్యూల్ కోల్ట్ వాషింగ్టన్‌లో తెరచాప ఎత్తి సాగుతున్న ఓడను దూరం నుంచి తీగ ద్వారా పేల్చి చూపాడు. రివాల్వర్‌తో పేరుపొందిన కోల్టే ఆయన.

హేర్ సన్నతీగ రణరంగంలో కంటే గనుల్లోనే ఎక్కువగా ఉపయోగపడింది. సింగరేణి బొగ్గుగనుల్లోనైనా, మన ఊరి పక్క రాతి క్వారీలోనైనా విద్యుత్ డిటొనేటర్ వాడిన ప్రతిచోటా దాని గుండెకాయ ఆ సన్నతీగే. డిటొనేటర్ తీగల రెండు కొసలనూ పేల్చే క్షణం దాకా ఒకదానితో ఒకటి మెలిపెట్టి ఉంచడం, మబ్బు పడితే పని ఆపి దూరం జరగడం ఆ పనివాళ్లు మొదటే నేర్చుకునే సంగతులు. మెలిపెట్టిన కొసల మధ్య ప్రవాహానికి తేలిక దారి దొరుకుతుంది కనుక అది సన్నతీగలోకి పోదు. చేత్తో మెలిపెట్టే ఆ చిన్న ముడికి ఎంత బరువున్నదో తరువాతి భాగంలో తెలుస్తుంది.

తూటాలోకి విద్యుత్తు రావడానికి కారణం వేగం. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్ యుద్ధవిమానాల తుపాకులు తిరిగే పంకా రెక్కల సందులోంచి కాల్చవలసి వచ్చేది. సూది తగిలి ప్రైమర్ పేలే యంత్రాంగంలోని స్వల్పమైన ఆలస్యం కూడా అక్కడ రెక్కను చీల్చగలదు. 13 మి.మీ. ఎం.జి. 131 వంటి తుపాకులకు విద్యుత్ ప్రైమర్లు వచ్చింది అందుకే. యుద్ధం తరువాత బ్రిటిష్ 30 మి.మీ. ఏడెన్ తుపాకి, నిమిషానికి ఆరువేల గుండ్లు కాల్చే అమెరికన్ వల్కన్ ఆ పద్ధతినే అనుసరించాయి. భారత వైమానికదళపు హంటర్ విమానాలు మోసినవి ఆ ఏడెన్ తుపాకులే. 2000లో ఒక అమెరికన్ కంపెనీ వేటగాళ్ల కోసం బ్యాటరీతో పేలే రైఫిల్‌ను బజారుకు తెచ్చింది, కాని అది కొద్ది ఏళ్లకే మాయమైంది. అడవిలో జింక వెనక నడిచేవాడికి క్షణంలో వెయ్యో వంతుతో పనిలేదు.

ఇక్కడ ఒక తేడాను స్పష్టం చేయాలి. ఉపోద్ఘాతంలో చెప్పిన సాధారణ తూటాలో ప్రవాహానికి లోపలికి దారి లేదు. విద్యుత్ ప్రైమర్ ఉన్న తూటాలో, రాకెట్టులో, డిటొనేటర్‌లో ఆ దారిని మనమే వేశాం. ఆ దారికి వచ్చిన ప్రవాహం ఎవరిదో గుర్తుపట్టే జ్ఞానం లేదు. పైలట్ మీట నొక్కితే వచ్చినదైనా, తీగలో ఎక్కడో తరంగం లేచి వచ్చినదైనా దానికి ఒకటే.

5. రెండు తలుపులు: 1967 జూలై 29

అమెరికా విమానవాహక నౌక ఫారెస్టల్ ఆనాటికి టాంకిన్ సింధుశాఖలోకి వచ్చి ఇంకా వారం నిండలేదు. ఉత్తర వియత్నాంపై రోజూ దాడులు సాగుతున్నాయి. ఉదయం 10 గంటల 50 నిమిషాల ప్రాంతంలో, తరువాతి దాడికి విమానాలు నిండు ఇంధనంతో, బాంబులతో డెక్ పై వరుస తీరాయి. ఒక ఫాంటమ్ విమానం రెక్క కింద ఐదంగుళాల జూనీ రాకెట్లు నింపిన గొట్టాల పెట్టె ఉన్నది. పైలట్ ఇంజన్ పట్టుకున్నాక విద్యుత్తును నౌక సరఫరా నుంచి విమానపు సొంత సరఫరాకు మార్చాడు. ఆ మార్పిడి సమయంలో తీగల్లో ఒక తరంగం లేచింది. ఒక జూనీ రాకెట్టు అంటుకుని డెక్ మీదుగా దూసుకుపోయి, ఎదుటి వరుసలోని స్కైహాక్ విమానపు ఇంధనపు ట్యాంకును చీల్చింది. రాకెట్టు తల పేలలేదు. కొంత దూరం ప్రయాణించాక గాని అది పేలుడుకు సిద్ధం కాదు. ఆ జాగ్రత్త పనిచేసింది. కాని ఇంధనం కారి అంటుకుంది.

తరంగం ఒక్కటే రాకెట్టును కాల్చలేదు, కాల్చకూడదు. ఇలాంటి తరంగాలు వస్తాయని రాకెట్టు రూపకర్తలకు తెలుసు. అందుకే రెండు వేర్వేరు జాగ్రత్తలు పెట్టారు. మొదటిది, రాకెట్టు పెట్టెను మోసే చట్రానికి ఒక భద్రతా సూది. అది ఉన్నంతసేపూ ప్రవాహం రాకెట్టు దాకా పోదు. రెండవది, పెట్టెకూ విమానానికీ మధ్య తీగను చివరి క్షణంలో, విమానం ఎగరడానికి కాటపుల్టు మీద నిలిచాక మాత్రమే కలపాలన్న నియమం. రెండింటిలో ఏ ఒక్కటి నిలిచినా ఆ తరంగం దారి లేక ఆగిపోయేది.

విచారణలో బయటపడిన విషయం ఇది. దాడులు ఆలస్యం కాకూడదన్న ఒత్తిడిలో సూదిని ముందే తీసేయడం అలవాటైంది. తీగ ఎలాగూ చివర్లోనే కలుపుతారు కదా అన్నది దానికి ధైర్యం. మరోపక్క నౌకలోని ఆయుధ సమన్వయ మండలి, తీగను డెక్ మీద ముందుగానే కలపవచ్చునని అనుమతించింది. సూది ఎలాగూ ఉంటుంది కదా అన్నది దానికి ధైర్యం. ఆ రెండో నిర్ణయం నౌకాధిపతి ఆమోదానికి వెళ్లలేదు. రెండు నిర్ణయాల్లోనూ ఎవరికివారు ఎదుటి తలుపు మూసే ఉన్నదనుకుని తమ తలుపు తెరిచారు. రెండు తలుపులూ తెరిచివున్న ఉదయాన ప్రవాహం వచ్చింది.

తరువాతి కథ విద్యుత్తుది కాదు, అయినా ఇక్కడ ఆపడం న్యాయం కాదు. కొన్ని విమానాలకు కొరియా యుద్ధకాలం నాటి పాత వెయ్యి పౌన్ల బాంబులు తగిలించారు. ముందురోజే అవి మరో నౌక నుంచి వచ్చాయి. కొత్త బాంబులు మంటల్లో కొన్ని నిమిషాలు తట్టుకుంటాయన్న లెక్క మీద అగ్నిమాపక దళం శిక్షణ పొందింది. దళపతి జెరాల్డ్ ఫారియర్ రక్షణ దుస్తులు లేకుండానే చేతిలో చిన్న పొడి సిలిండరుతో ఒక బాంబును చల్లార్చడానికి పరుగెత్తాడు. మంట మొదలైన ఒకటిన్నర నిమిషానికే అది పేలింది. ఆయనతోపాటు శిక్షణ పొందిన అగ్నిమాపక సిబ్బందిలో ఎక్కువమంది అక్కడికక్కడే పోయారు. మిగిలిన మంటలతో పోరాడింది ఆ పని ఎన్నడూ నేర్వని నావికులు. నీటిగొట్టాలతో నురుగును కడిగేయడం వంటి పొరపాట్లు వారి చేతుల్లో జరిగాయి. 134 మంది చనిపోయారు. 161 మంది గాయపడ్డారు. 21 విమానాలు పోయాయి. డెక్ కెమెరా తీసిన దృశ్యాలు ఆ తరువాత దశాబ్దాలపాటు నౌకాదళ శిక్షణలో పాఠమయ్యాయి. అమెరికా నౌకాదళంలో ప్రతి నావికుడికీ నిప్పు ఆర్పడం నేర్పే పద్ధతి బలపడింది ఈ ఘటనతోనే.

పర్‌ఫ్లీట్‌కూ ఫారెస్టల్‌కూ 190 ఏళ్ల దూరం. అక్కడా నిపుణుల సంఘమే, ఇక్కడా మండలే. పర్‌ఫ్లీట్‌లో కలపవలసిన లోహపు ముక్కను కలపలేదు, ఫారెస్టల్‌లో కలపకూడని తీగను కలిపారు. పర్‌ఫ్లీట్ పండితులకు తెలియని దాన్ని ప్రకృతి చూపించింది. ఫారెస్టల్‌లో మాత్రం అన్నీ తెలిసినవే. సూది ఎందుకున్నదో, తీగ ఎందుకు చివర్న కలపాలో నియమాల పుస్తకంలో రాసివున్నది. విద్యుత్తు మందుగుండు లోపలికి వచ్చాక భద్రత అన్నది భౌతికశాస్త్రం చేతుల్లోంచి అలవాటు చేతుల్లోకి జారిందని నేను అంటున్నది ఇందుకే.

6. తీగ లేని ప్రవాహం

ఫారెస్టల్ తరంగం తీగలోనే పుట్టింది. తీగ బయట పుట్టిన ప్రవాహం మాటేమిటి? నౌకల మీద రాడార్లు, రేడియోలు బలపడిన కొద్దీ ఈ చింత పెరిగింది. రాకెట్టు తీగ తెలియకుండానే ఏరియల్ లాగా పనిచేసి, గాలిలోని తరంగాన్ని ప్రవాహంగా మార్చి సన్నతీగను వేడెక్కించగలదు. ఆయుధాలకు రేడియో తరంగాల ముప్పుపై అమెరికా నౌకాదళం 1950లలోనే ప్రత్యేక పరిశీలన మొదలుపెట్టింది. ఆ క్రమంలో స్థిరపడిన ఒక కొలత ఇప్పటికీ వాడుకలో ఉన్నది. విద్యుత్తుతో అంటుకునే సాధనం ఒక ఆంపియరు ప్రవాహాన్నీ, ఒక వాటు శక్తినీ ఐదు నిమిషాలపాటు భరించి, పేలకుండా ఉండాలి. తొలినాటి రూపకర్తలు ఎంత తక్కువ ప్రవాహానికి పేలితే అంత గొప్ప అనుకున్నారు. ఇప్పుడు దాని మొండితనమే గుణమైంది. పాత తుపాకిమందుకు సహజంగా ఉన్న గుణాన్ని ఇలా శ్రమపడి మళ్లీ తెచ్చుకోవలసి వచ్చింది.

కొన్నిసార్లు తీగా అక్కరలేదు, రాడారూ అక్కరలేదు. 1985 జనవరి 11న పశ్చిమ జర్మనీలోని హైల్‌బ్రాన్ దగ్గర అమెరికన్ సైనికులు పెర్షింగ్ క్షిపణి ఇంజను భాగాన్ని పెట్టెలోంచి పైకెత్తుతున్నారు. గాలి చల్లగా, పొడిగా ఉన్నది. కెవ్లార్ తొడుగు రాపిడికి నిశ్చలవిద్యుత్తు కూడి, లోపలి ఘన ఇంధనంలోకి ప్రవహించింది. ముగ్గురు సైనికులు చనిపోయారు. తొడుగు లోహమైతే అది కవచమయ్యేది. బరువు తగ్గించడానికి వాడిన నారకు ఆ గుణం లేదు. ఉపోద్ఘాతంలో చెప్పిన ఇత్తడి తొడుగు విలువ ఇక్కడ తెలిసొస్తుంది.

అన్నిటికంటే విచిత్రమైనది 1972 ఆగస్టు 4 నాటి సంగతి. ఆ ఏడు మే నెల నుంచి అమెరికా నౌకాదళం ఉత్తర వియత్నాం రేవుల ముంగిట సముద్రపు మందుపాతర్లు విడిచింది. ఇనుప ఓడ దగ్గరికి వస్తే అయస్కాంత క్షేత్రంలో కలిగే మార్పును గుర్తించి పేలేవి వాటిలో ఉన్నాయి. ఆ రోజు హోన్ లా తీరం మీదుగా ఎగురుతున్న అమెరికన్ విమానాల సిబ్బందికి కింద నీటిలో అర నిమిషంలో ఇరవై ముప్ఫై పేలుళ్లు కనబడ్డాయి. చుట్టుపక్కల ఏ ఓడా లేదు. సూర్యునిలో లేచిన ఒక మహాప్రజ్వలనం పదిహేను గంటలలోపే భూమిని చేరి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేసిన రోజది. నౌకాదళం ఆనాడే కారణాన్ని సూర్యుని దగ్గర వెతికింది. ఆ పత్రాలు రహస్యం వీడాక, 2018లో డెలోరిస్ నిప్, సహ పరిశోధకులు ఈ ఉదంతాన్ని లోకానికి తెలియజేశారు.

ఆ మందుపాతర్లు తమకు నేర్పినదాన్ని తప్పకుండా చేశాయి. క్షేత్రం మారితే పేలమన్నారు, పేలాయి. మారడానికి కారణం ఓడా, సూర్యుడా అని అడగడం వాటికి ఎవరూ నేర్పలేదు. ఆ తరువాత అమెరికా నౌకాదళం అయస్కాంత గ్రాహకాల మీద మాత్రమే ఆధారపడని మందుపాతర్ల వైపు మొగ్గింది. అంటే ఒక్క తలుపు చాలక, రెండో తలుపు కట్టుకోవడం మళ్లీ మొదలైంది.